ఈ కాయితం రాస్తే రిలీవరు వస్తాడేటండీ?

ఉద్యోగం, ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విశాఖ నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే విషయం. పని చోట టెన్షన్, అరుపులు, నిద్ర లేని షిఫ్టులు, వీటన్నిటికీ ఇప్పుడు కంపెనీలు ‘సైకోసోషల్ రిస్క్’ అని పేరు పెట్టి అంచనా వేయడం మొదలుపెట్టాయి. మంచిదే. కానీ ఆ అంచనా ఎలా వేస్తున్నారో మీ ఉత్తరాల్లో చదువుతుంటే కోపం వచ్చింది, అందుకే మొదటి జవాబు కాస్త పొడుగైంది. నేను డాక్టర్‌ని కాను, ఫ్యాక్టరీల్లో చాలా ఏళ్లు సేఫ్టీ చూసినవాణ్ని, ఆ వైపు నుంచే చెబుతాను.

ప్ర: సార్, పరవాడ ఫార్మాసిటీలో ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌గా చేస్తున్నాను. రియాక్టర్లు, సాల్వెంట్లు, ఎత్తు మీద పని, ఇవన్నీ హిరాలో, అంటే ప్రమాదాలను గుర్తించి అంచనా వేసే పట్టికలో, రాయడం నాకు అలవాటే. వచ్చే నెల ఆడిట్ ఉంది, అందులో సైకోసోషల్ రిస్క్ అసెస్‌మెంట్ కూడా చూపించాలట. మా మేనేజర్ గారు నెట్‌లోంచి ఒక ప్రశ్నాపత్రం తీసి ఇచ్చి, 400 మంది చేత నింపించి వారంలో ఫైల్ చేసేయమన్నారు. అందులో రాత్రి నిద్ర పడుతుందా, ఊరికే ఏడుపు వస్తుందా, ఇంట్లో గొడవలున్నాయా అని ఉన్నాయి. పేరు, ఎంప్లాయీ నంబర్ కూడా రాయించమన్నారు. ఎలా చేయాలి?

జ: ముందు ఆ కాగితాలు పంచకండి. ఇప్పటికే పంచేసి ఉంటే తిరిగి తీసుకుని, పేర్లు రాసినవి వాళ్ల ఎదుటే చించేయండి.

ఎందుకంటే ఆ ప్రశ్నలన్నీ మనిషి గురించే, పని గురించి ఒక్కటీ లేదు. రియాక్టర్ దగ్గర సాల్వెంట్ వాసన వస్తోందంటే మీరేం చేస్తారు? ఫ్లాంజ్ చూస్తారు, గాస్కెట్ చూస్తారు, ఎగ్జాస్ట్ తిరుగుతోందా లేదా చూస్తారు, అంతేగానీ అక్కడ నిలబడ్డ ఆపరేటర్‌ని పట్టుకుని నీ ఊపిరితిత్తులు గట్టివేనా అని అడగరు కదా. ఇదీ అంతే. ఇంట్లో గొడవల సంగతి కంపెనీకి అనవసరం. పైగా అవి ఒకరి సొంత ఆరోగ్య వివరాలు, పేరుతో సహా ఒక ఫైల్‌లో పడి ఉంటే రేపు ప్రమోషన్ల టైమ్‌లో ఎవరి టేబుల్ మీదికి వెళ్తాయో మీరు కూడా చెప్పలేరు.

మీ ఆడిటర్ చూసేది ఐఎస్ఓ 45001, పని చోట భద్రత, ఆరోగ్యాల మీద అంతర్జాతీయ ప్రమాణం, అది 2018లో వచ్చింది, సర్టిఫికెట్ దానికే ఇస్తారు. దానికి తోడుగా 2021లో 45003 వచ్చింది, అది సర్టిఫికెట్ కోసం కాదు, ఈ మానసిక, సామాజిక ప్రమాదాలను ఎలా చూడాలో చెప్పే మార్గదర్శకం. ప్రమాద కారణాలను అందులో మూడు వైపుల నుంచి చూడమన్నారు. పనిని ఎలా ఏర్పాటు చేశారు, పని చోట మనుషులు ఒకరితో ఒకరు ఎలా ఉంటున్నారు, చుట్టూ ఉన్న వాతావరణం, యంత్రాలు, ప్రమాదకరమైన పనులు ఎలా ఉన్నాయి. ఇంకా సులువుగా కావాలంటే బ్రిటన్‌లో హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ అనే ప్రభుత్వ సంస్థ 2004లో పెట్టిన ఆరు అంశాలు తీసుకోండి: పని భారం, తన పని మీద తనకున్న అదుపు, పైవాళ్ల నుంచీ తోటివాళ్ల నుంచీ అండ, సంబంధాలు, ఎవరి పని ఏదో తెలిసి ఉండటం, మార్పులను ఎలా తెస్తున్నారన్నది. వాళ్ల ప్రశ్నాపత్రంలో 35 ప్రశ్నలుంటాయి, అన్నీ పని గురించే.

అయితే ప్రశ్నాపత్రం కంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. మీ దగ్గరే ఉన్న రిజిస్టర్లు తీయండి. హాజరు పుస్తకం, గేటు పంచ్ పక్కపక్కన పెట్టండి, ఒకదాంట్లో ఎనిమిది గంటలు, రెండోదాంట్లో పన్నెండున్నర కనిపిస్తే మీ మొదటి రిస్క్ దొరికినట్టే. ఓటీ ఎవరి మీద పడుతోంది, వీక్లీ ఆఫ్ ఎన్నిసార్లు రద్దయింది, ఏ సెక్షన్‌లో మనుషులు ఆర్నెల్లు కూడా నిలవకుండా మానేస్తున్నారు, నియర్ మిస్‌లు, అంటే తృటిలో తప్పిన ప్రమాదాలు, ఏ షిఫ్టులో ఏ గంటకు జరుగుతున్నాయి, ఇవన్నీ ఎవరినీ అడగక్కర్లేకుండా తెలిసిపోతాయి.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను పని చేసిన ఒక ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ రూమ్‌లో పొడుగాటి రూళ్ల పుస్తకం ఉండేది. తేదీ, పేరు, ఏ మందు ఇచ్చారు, టైమ్. ఎవరూ ఆ పుస్తకం తిరగేసేవారు కాదు, నేనూ తిరగేయలేదు, ఒకసారి గాయాల లెక్క కోసం తీసేదాకా. గాయాలు వెతుకుతుంటే కంటికి వేరేది తగిలింది. తలనొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర, మళ్లీ తలనొప్పి మాత్ర. నెల మొదట్లో పేజీకి రెండో మూడో ఉండేవి, డిస్పాచ్ రోజులు దగ్గరపడే కొద్దీ పేజీలు వాటితోనే నిండిపోయాయి, అదీ దాదాపు అన్నీ సి షిఫ్టువే, అంటే రాత్రి షిఫ్టువే, తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య. ఆ రోజుల రోస్టర్ తీసి చూస్తే అవే పేర్లకు డబుల్ డ్యూటీలు. రిలీవర్, అంటే వచ్చి డ్యూటీ అందుకోవాల్సిన మనిషి, రాకపోతే ఉన్నవాడే కొనసాగాలి, అదే అక్కడి పద్ధతి.

అప్పుడు మేము కూడా మీ మేనేజర్ గారు చెప్పినట్టే చేశాం. పేరుతో సహా ఫారాలు పంచాం, షిఫ్ట్ దిగి బస్సు ఎక్కబోయే వాళ్లను గేటు దగ్గర ఆపి. ఒక పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, పెన్ను క్యాప్ తియ్యకుండానే నా మొహంలోకి చూసి ‘ఈ కాయితం రాస్తే రిలీవరు వస్తాడేటండీ?’ అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. బస్సు హారన్ కొడుతోంది, ఆయన అన్ని గళ్లలోనూ ‘బాగుంది’ దగ్గర టిక్కులు పెట్టేసి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ అంతే. ఫైల్ తయారైంది, రోస్టర్ అలాగే ఉంది. అది నా తప్పే, ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే బాధగా ఉంటుంది. మీ చేత ఆ తప్పు చేయించకూడదనే ఇంత రాస్తున్నాను.

ఇక ఎలా చేయాలంటే, షిఫ్టు వారీగా ఆరుగురేడుగుర్ని కూర్చోబెట్టి మాట్లాడించండి. డ్యూటీ టైమ్‌లోనే, జీతం కోయకుండా, ఓ నలభై నిమిషాలు. ఆ గదిలో సూపర్‌వైజర్ ఉండకూడదు, కాంట్రాక్ట్ లేబర్‌తో మాట్లాడేటప్పుడు వాళ్ల మేస్త్రి అసలే ఉండకూడదు. కాంట్రాక్ట్ వాళ్లను వదిలేసి చేసే అంచనా అంచనాయే కాదు, బరువైన పని వాళ్లదేగా. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లుంటే వాళ్ల భాష తెలిసిన మనిషిని పెట్టుకోండి. ‘ఇక్కడ మీ రోజును పాడుచేసేది ఏది?’ అని ఒక్కటి అడిగి ఊరుకోండి. మొదటి పది నిమిషాలు క్యాంటీన్ సాంబార్ గురించి మాట్లాడతారు, మాట్లాడనివ్వండి, అసలు మాట ఆ తర్వాత వస్తుంది. హ్యాండోవర్‌కి టైమ్ లేక బ్యాచ్ ఏ స్టేజ్‌లో ఉందో నోటితో అరిచి చెప్పి వెళ్లిపోతున్నారనో, ప్రొడక్షన్ ఇన్‌చార్జి ఒకటి చెబితే క్వాలిటీ వాళ్లు ఇంకోటి చెబుతున్నారనో, ఆఫ్‌లో ఉన్న రోజు కూడా ఫోన్ ఎత్తకపోతే మర్నాడు అందరి ముందు తిడుతున్నారనో చెబుతారు.

వీటిని హిరాలో రాసేటప్పుడు మీకు అలవాటైన సంభావ్యత, తీవ్రత రెండూ వాడండి, వాటికి తోడు ఎంతమందికి, ఎంతకాలంగా అన్నవి కూడా కలపండి. నెలాఖరు మూడు రోజుల హడావుడి వేరు, ఏడాదంతా అదే హడావుడి వేరు. రెండు కారణాలు కలిసినచోట ముప్పు ఇంకా పెరుగుతుంది. 1979లోనే రాబర్ట్ కారసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు, పని భారం ఎక్కువగా ఉండి దాని మీద అదుపు తక్కువగా ఉన్నవాళ్లకే ఒత్తిడి బాగా ఎక్కువని చూపించాడు. మీ సి షిఫ్ట్ ఆపరేటర్ సరిగ్గా అదే స్థితిలో ఉంటాడు, బ్యాచ్ ఆగదు, దాన్ని ఆపే అధికారం అతనికి ఉండదు.

నివారణ రాసే గడిలో కౌన్సెలింగ్ అని రాసి ముగించకండి. కౌన్సెలింగ్ కావాలి, కాదనను, కానీ అది హెల్మెట్ లాంటిది, నివారణ చర్యల వరసలో చివర్న వస్తుంది, ముందు ప్రమాదాన్నే తీసేయాలి. ముందు రాయాల్సింది ప్రతి షిఫ్టుకీ అదనంగా ఇద్దరు రిలీవర్లు, రెండు షిఫ్టులూ కలిసి ఉండే పదిహేను నిమిషాల హ్యాండోవర్, వరసగా రెండు డబుల్ డ్యూటీలు వేయకూడదన్న నియమం. ప్రతిదాని పక్కనా ఎవరు చేస్తారో, ఏ తేదీకో రాయండి. నెలలోపు ఆ కాగితాన్ని తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టండి, చేయలేకపోయింది ఉంటే అదీ, ఎందుకు చేయలేకపోయారో అదీ రాసి పెట్టండి.

వారంలో ఇదంతా అవదు. మేనేజర్ గారికి ఆ మాట సూటిగా చెప్పండి, 45001లో కార్మికులను సంప్రదించడం తప్పనిసరి, ఆడిటర్ ప్లాంట్‌లోకి వచ్చి నలుగుర్ని అడిగితే 400 టిక్కుల ఫైల్ నిలబడదని చెప్పండి. రెండు సెక్షన్లలో నిజంగా చేసి, మిగతావాటికి తేదీలు వేసి చూపించినా నిజాయితీగా ఉంటుంది.

ప్ర: సార్, రుషికొండలో కాల్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తాను. మా టీఎల్ (టీమ్ లీడర్) వాట్సాప్ గ్రూప్‌లో ఒక సర్వే లింక్ పెట్టి రాత్రికల్లా అందరూ పూర్తి చేయాలన్నారు, చేయనివాళ్ల పేర్లు గ్రూప్‌లో పెడుతున్నారు. పేరు అడగలేదు గానీ టీమ్, వయసు, ఆడా మగా, ఎన్నేళ్ల సర్వీస్ అని ఉంది. మా టీమ్‌లో ఏడుగురం, ఆడవాళ్లం ఇద్దరమే. నిజం రాయొచ్చా? ఇంకోటి, మాతో పనిచేసే ఒకాయన మాటలు, రాత్రుళ్లు పెట్టే మెసేజ్‌లు చాలా ఇబ్బందిగా ఉంటున్నాయి. అది కూడా ఇందులోనే రాసేయనా?

జ: ఆ నాలుగు గళ్లు నింపితే మీ పేరు రాసినట్టేనమ్మా. ఇద్దరు ఆడవాళ్లున్న టీమ్‌లో వయసు కూడా అడిగాక ఇంక దాచేదేముంది. హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ పెట్టి మూడు అడగండి: ఒక్కొక్కరి జవాబులు ఎవరికి కనిపిస్తాయి, టీమ్ ఫలితాలు ఎంతమంది ఉంటే విడిగా చూపిస్తారు, ఫలితాలు మాకెప్పుడు చెబుతారు. పది మంది కంటే తక్కువ ఉన్న గుంపు ఫలితాన్ని విడిగా బయటపెట్టకపోవడం మంచి పద్ధతి, మీవాళ్లు అలా చేస్తామని రాసి ఇస్తే ధైర్యంగా నింపండి. జవాబు రాకపోతే వ్యక్తుల గురించి కాకుండా పని గురించి రాయండి, కాల్‌కీ కాల్‌కీ మధ్య ఎన్ని సెకన్లుంటాయి, బాత్రూమ్‌కి వెళ్లిన నిమిషాలు కూడా లెక్కలో పడుతున్నాయా, రోస్టర్ ఎన్ని రోజుల ముందు చెబుతున్నారు. ఇవి రాయడానికి భయపడక్కర్లేదు, అంచనాకి పనికొచ్చేవీ ఇవే. ఆ టీఎల్‌ని కూడా తప్పుపట్టలేను, ఆయన మీదా 100 శాతం టార్గెట్ పెట్టి ఉంటారు.

రెండో సంగతి మాత్రం సర్వేలో రాసి ఊరుకోకండి. సర్వేలో రాసింది ఫిర్యాదు కింద లెక్కకు రాదు, ఎవరూ దాని మీద విచారణ చేయరు. పని చోట లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది, పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి, దానికి ఒక మహిళే అధ్యక్షురాలు. రాతపూర్వకంగా, జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి, వరసగా జరుగుతుంటే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు పెంచే అధికారం కమిటీకి ఉంది. ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్‌లు తీసి ఇంట్లో నమ్మకమైనవాళ్లకి పంపి ఉంచండి. రాయడానికి ఇబ్బందైతే కమిటీ సభ్యులే మీకు రాయడంలో సాయం చేయాలని చట్టంలో ఉంది.

ప్ర: మా ఆఫీసులో స్ట్రెస్ తగ్గించాలని ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి ఆర్కే బీచ్‌లో యోగా పెట్టారు, హాజరు తీసుకుంటున్నారు. వెళ్లకపోతే తప్పా?

జ: తప్పు కాదు. యోగా మంచిదే, నేనూ చేస్తాను. కానీ వారానికి ఉన్న ఒక్క సెలవు రోజూ హాజరు పట్టీలోకి వెళ్లిపోతే అది ఒత్తిడిని పెంచే పనే. ఆఫీసు టైమ్‌లో పెట్టమని నలుగురూ కలిసి అడగండి.

ప్ర: ఆటోనగర్‌లో చిన్న లేత్ వర్క్‌షాప్ నడుపుతున్నాను, నాతో కలిపి తొమ్మిదిమందిమి. ఇవన్నీ పెద్ద కంపెనీల వ్యవహారాలనుకున్నాను. కానీ బాగా పని తెలిసిన కుర్రాడొకడు రెండు నెలల్లో రెండుసార్లు వేలికి దెబ్బ తగిలించుకున్నాడు. ధ్యాస ఉండట్లేదు. తిడితే ఇంకా బిగుసుకుపోతున్నాడు. నేనేమైనా చేయాలా?

జ: ఈ ప్రశ్న అడిగినందుకే మీ మీద గౌరవం కలిగింది. మీకు ఫారాలూ, ఫైళ్లూ అక్కర్లేదు. పదకొండింటి టీ దగ్గర మెషిన్లు ఆపేసి అందర్నీ అడగండి, ఏం జరిగితే మీకు చికాకు పుడుతోంది అని. అంతకంటే ముందు మీరే కొన్ని గుర్తు చేసుకోండి. సాయంత్రం అయిదున్నరకి అర్జెంట్ అంటూ వచ్చే జాబ్‌లు వారానికి ఎన్ని ఒప్పుకుంటున్నారు? అవి ఎవరి మెషిన్ మీదికి వెళ్తున్నాయి? బాగా పని తెలిసినవాడి మీదికే కదా. జీతం ఏ తేదీన ఇస్తున్నారు? పార్టీ బిల్లు రాలేదని పదో తారీఖు, పదిహేనో తారీఖు అవుతోందా? అద్దె కట్టాల్సిన మనిషి లేత్ ముందు నిలబడి ఏం ఆలోచిస్తుంటాడో మీకు తెలుసు. జర్మనీలో పనిచేసిన జోహానెస్ సీగ్రిస్ట్ అనే పరిశోధకుడు 1996లో చెప్పింది కూడా దాదాపు ఇదే, పెట్టే శ్రమకు తగ్గ ఫలితం, అంటే డబ్బొక్కటే కాదు, గౌరవం, ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం కూడా, దక్కనప్పుడు ఆరోగ్యం చెడుతుందని.

కస్టమర్ ముందు తిట్టడం ఈరోజు నుంచే మానేయండి. ఆ అబ్బాయిని విడిగా తీసుకెళ్లి ‘నీ పని సంగతి నాకు తెలుసు, ఈ మధ్య ఎక్కడ తేడా వస్తోంది?’ అని అడిగి, అతను చెప్పేదాకా ఆగండి. చెప్పకపోయినా ఫర్వాలేదు, కొన్నాళ్లు అర్జెంట్ జాబ్‌లు ఇంకొకరికి ఇవ్వండి, వేళ్లు దక్కుతాయి.

ప్ర: ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో స్టాఫ్ నర్సుని, ఎంవీపీ కాలనీలో ఉంటాను. పేషెంట్ల తాలూకు మనుషులు మా మీద అరవడం, చెయ్యెత్తడం మామూలైపోయింది. చెబితే ‘మన ఉద్యోగమే అంత, ఓర్చుకోవాలి’ అంటారు మా సీనియర్లు. ఇది కూడా రిస్క్ కిందికి వస్తుందా?

జ: వస్తుందమ్మా, ముందు వరసలోనే వస్తుంది. హింస, అది జరుగుతుందేమోనన్న భయం, రెండూ సైకోసోషల్ ప్రమాదాలే. ఓర్చుకోవాలన్న మాట వల్లే అవి ఎక్కడా నమోదు కావట్లేదు, నమోదు కాకపోతే మేనేజ్‌మెంట్ లెక్కలో అవి జరగనట్టే. వార్డులో ఒక నోట్‌బుక్ పెట్టండి, చెయ్యెత్తినప్పుడే కాదు, బెదిరించినప్పుడు కూడా టైమ్, చోటు, అప్పుడు డ్యూటీలో ఎంతమంది ఉన్నారు, గొడవ దేని మీద మొదలైంది, ఈ నాలుగూ రాయండి. నెల రోజులు రాస్తే ఒక తీరు కనిపిస్తుంది. బిల్లు చెప్పే టైమా, విజిటింగ్ అవర్స్ అయిపోయాక బయటికి పంపేటప్పుడా, రాత్రి డాక్టర్ రావడం ఆలస్యమైనప్పుడా? బిల్లు మాట నర్సు నోటి నుంచి వెళ్తుంటే దాన్ని ఆపించాలి, అది కౌంటర్ వాళ్ల పని. డాక్టర్ ఆలస్యమవుతుంటే ఆ మాట చెప్పడానికి ఒక మనిషిని పెట్టాలి. ఈ రెండింటికీ సెక్యూరిటీ గార్డు అక్కర్లేదు, పని పంచే పద్ధతి మార్చాలి.

మన రాష్ట్రంలో వైద్య సిబ్బంది మీద దాడులకు 2008లోనే ప్రత్యేక చట్టం వచ్చింది, అందులో నర్సులూ ఉన్నారు, ప్రైవేట్ హాస్పిటళ్లూ ఉన్నాయి. చెయ్యి చేసుకుంటే పోలీసు ఫిర్యాదు హాస్పిటల్ పేరుతో ఇమ్మని అడగండి. మీ ఒక్కరి పేరుతో ఇవ్వమంటే ఒప్పుకోకండి.

ప్ర: నమస్కారం అండి, గాజువాక నుంచి రాస్తున్నాను. మా ఆయన కాంట్రాక్ట్ సూపర్‌వైజర్. పొద్దున్న ఆరింటికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వస్తారు, వచ్చాక కూడా ఫోనే. ఇదివరకు పిల్లలతో ఆడేవారు, ఇప్పుడు ఏది అడిగినా ‘ఊఁ’ అంటారు. ‘ఏం చేసినా ఒకటేలే’ అంటున్నారు. ఆయనకేమైనా జబ్బా? నేనేం చేయాలి?

జ: చూడకుండా జబ్బని గానీ కాదని గానీ నేను చెప్పలేనమ్మా. మీరు చెప్పినవాటిలో కొన్ని బర్న్‌అవుట్ అనేదానికి దగ్గరగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక కొత్తది, 2022 నుంచి అమల్లో ఉన్నది, దాన్ని జబ్బు అనలేదు, పని చోట ఒత్తిడిని ఎంతకాలమైనా సరిచేయకపోవడం వల్ల వచ్చే స్థితి అంది. ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద విరక్తి, నా వల్ల ఏమీ కావట్లేదన్న భావన, ఈ మూడూ ఉంటాయని చెప్పింది. అంటే ఆయన మనసు బలహీనమని కాదు. ఆ గంటలు చూడండి ముందు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పాయి. దారిలో పోయే టైమ్ తీసేసినా మీ ఆయనవి ఆ లెక్క దాటిపోయినట్టే ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటలన్నది 1948 చట్టం నాటి నుంచీ ఉన్న హద్దు.

ఆయన మాట్లాడకపోయినా కేలెండర్ మాట్లాడుతుంది. వంటింట్లో గోడకున్న కేలెండర్‌లో ప్రతి తేదీ గడిలో వెళ్లిన టైమ్, వచ్చిన టైమ్, రాత్రి ఫోన్ ఎన్నిసార్లు మోగిందో మీరే రాయండి, నెల పాటు. ఆయన కాంట్రాక్టర్‌తో ఒక ఆఫ్ కోసం, రాత్రి ఫోన్లు ఇంకొకరికి మార్చడం కోసం మాట్లాడాలంటే చేతిలో ఆ కాగితం ఉండాలి. ‘అలసిపోతున్నాను’ అంటే అందరూ అలసిపోతున్నారంటారు, 26 రోజుల్లో 22 రోజులు పద్నాలుగు గంటలు అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది.

కానీ ‘ఏం చేసినా ఒకటేలే’ అన్న మాట కోసం నెల ఆగకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సహాయం టెలీ మానస్, నంబర్ 14416, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆయన చేయకపోతే మీరే చేసి ఏం చేయాలో అడగండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడేదేమీ లేదు, బీపీ చూపించుకోవడానికి వెళ్లినట్టే. బతకాలని లేదన్న మాట గానీ, అలాంటి సూచన గానీ వస్తే ఆయన్ని ఒంటరిగా వదలకండి, ఆ పూటే తీసుకెళ్లండి. నెల తర్వాత ఆ కేలెండర్ పేజీలో ఏం తేలిందో నాకు రాయండి, కాంట్రాక్టర్‌ని ఏమడగాలో, ఎలా అడగాలో కలిసి చూద్దాం.